అద్దానికి అవతలి నవ్వు

పాండీశ్వరి తలుపు అద్దానికి నుదురు ఆనించి చూస్తూనే ఉంది. లోపల చాప మీద ఆమె కూతురు ఇలక్కియ నవ్వుతోంది. ఏడేళ్ళ ఆ పిల్ల కూర్చోలేదు, మాట్లాడలేదు. ఇంట్లో నవ్వి నాలుగు నెలలయింది. ఈ సంరక్షణ కేంద్రంలో మాత్రం పక్క చాప మీది పిల్లాడు శంకరన్ వైపు మెడ తిప్పి, ఒళ్ళంతా కదిలేలా నవ్వుతోంది. వాడికి చూపు లేదు, నడక లేదు, మాట లేదు. ఇలక్కియ పాదం పట్టుకుని నోరు కదుపుతున్నాడు, అంతే.

ఏం చేస్తాడు వాడు అని ఆయా జానకమ్మాళ్‌ను అరవంలో అడిగింది. వాడేదో కూస్తాడు, ఇది నవ్వుతుంది, ఇద్దరికీ అదే ఆట అన్నది ఆయా.

పాండీశ్వరి అద్దం మీది నుంచి నుదురు తీసేసింది. ఈ పిల్ల కోసం తాను చేయనిదేముంది? చేర్చిన కొత్తలో మిల్లుకు సెలవు పెట్టి నెలరోజులు ఈ చాపల మధ్యే జోల పాడుతూ కూర్చుంది. ఇంటా బయటా ఒకే భాష వినిపిస్తే పిల్ల తికమకపడదని ఇక్కడి టీచరమ్మ చెప్పిన నాటి నుంచి తెలుగులో పలకరింపు, మురిపెం, జోల అన్నీ కట్టిపెట్టి అరవమే మాట్లాడుతోంది. ఫలం మాత్రం ఎవరికో దక్కింది.

"నా దగ్గిర నగలేదత్తా. వాడి దగ్గిర నగతా ఉంది," అంది ఆ సాయంత్రం.

"బిడ్డ నగితే చాలదా?" అంది అత్త రక్కమ్మాళ్. "కండ్లు లేని పిల్లోని మీద పొరామైయా నీకు?"

అసూయే. పాండీశ్వరి కాదనలేదు.

మరునాడు, వాడు పిల్ల పాదం నలిపేస్తున్నాడని టీచరమ్మకు అబద్ధం చెప్పింది. శంకరన్ చాప అవతలి గదికి మారింది.

మూడో రోజుకు ఇలక్కియ గంజి మింగడం మానేసింది. కబురందుకుని పాండీశ్వరి పరుగున వచ్చింది. ఆమె పట్టిన చెంచాకు సైతం పిల్ల నోరు తెరవలేదు. జానకమ్మాళ్ ఇక ఎవరినీ అడగలేదు. శంకరన్‌ను ఎత్తుకొచ్చి పక్కన పడుకోబెట్టింది. వాడి చెయ్యి తడుముకుంటూ వెళ్ళి ఆ పాదాన్ని అందుకుంది. వాడు నోరు తెరిచాడు.

ఇలక్కియ నవ్వింది.

చెంచా పాండీశ్వరి చేతిలోనే నిలిచిపోయింది. ఈసారి మధ్యన అద్దం లేదు.

వాడు తీస్తున్న రాగం, ఆమె కట్టిపెట్టిన జోల.