వదిన ఒంట్లో కుంపటి

మంచుకొండ కింద బొరియలో నేల ఉడుత సింగారి చలికాలమంతా నిద్రపోతుంది. ఆ ఏడే పిల్లాపాపలతో పక్క అరలో చేరిన చిట్టెలుక గింజమ్మ ఒకరోజు ఆమెను తాకి అదిరిపడింది. ఒళ్లు రాయిలా చల్లగా ఉంది.

“అయ్యో, వదిన గడ్డకట్టుకుపోయింది!”

ఎలుకలన్నీ తమ అలవాటు కొద్దీ సింగారి మీద కుప్పపడి వెచ్చబెట్టాయి. కాసేపటికి ఆమె గుండె దడదడలాడింది, ఒళ్లు వణికింది, కళ్లు తెరుచుకున్నాయి.

“బతికింది!” గింజమ్మ గంతేసింది.

“చచ్చిందెవరే? దిగండి!” సింగారి రొప్పింది. “కావాలనే చల్లబడ్డాను. చలి మరీ ముదిరితే నా ఒళ్లే పసిగట్టి, కొవ్వు రాజేసి కాచుకుంటుంది. మీరిలా లేపితే ఆ కొవ్వంతా వృథా. మంచు కరిగేలోగా అది అయిపోతే నిజంగానే పోతాను. నన్నొక మాట అడిగారా?”

“నిద్రపోయేదాన్ని ఎలా అడగను?”

“ఆకులు రాలేటప్పుడు మేలుకునే ఉన్నానుగా!”

గింజమ్మ పిల్లలందరినీ కిందికి దింపింది.

సింగారి మళ్లీ ముడుచుకుని రాయిలా చల్లబడింది. ఆ కొవ్వు చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు. దగ్గరికొచ్చిన పిల్లలతో “ముట్టుకుంటే తోకలు కొరుకుతా” అంటూ గింజమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. వెచ్చబెట్టాలని మనసు పీకుతున్నా కదల్లేదు.

మంచు కరిగిన పొద్దున లోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది.

“మరదలా, ఆకలే!”