మూడో గంట తాడు

ఉత్తరం గురువారం తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది.

"ప్రియమైన హెస్టర్, ఈ శనివారం ఊరి సంబరానికి నువ్వు విశ్రాంతి తీసుకో. మూడో గంట బ్రయనీ లాగుతుంది." కింద అయిదు సంతకాలు. చివరిది మ్యూరియల్‌ది.

హెస్టర్ వెనర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరి చర్చి గోపురంలో ఉన్నవి ఆరు గంటలు, లాగేది ఆరుగురు. ముప్ఫై నాలుగేళ్ళుగా మూడో గంట తాడు ఆమెదే. మొగుడు పోయిన వారం కూడా ఆమె తాడు వదల్లేదు. ఇప్పుడు దాన్ని పందొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో పెట్టారు. ఆ పిల్లకి తాడు పట్టుకోవడం నేర్పింది కూడా హెస్టరే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

శనివారం ఆమెకి జామ్ సీసాల బల్ల అప్పగించారు. పక్కన బరువైన సొరకాయల పోటీ, అవతల గడ్డిమోపు ఎగరేసే పోటీ. మేళం వాళ్ళు బుగ్గలు పూరించి ఊదుతున్నారు గానీ ఆ బాకాల్లో పసే లేదు. ఈ కాలం వాళ్ళకి దేనికీ ఓపిక లేదనుకుంది హెస్టర్.

మ్యూరియల్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకే రోజున గోపురం మెట్లెక్కినవాళ్ళు.

"ఏమే, నా మీద కోపమా?" మొహంలో మొహం పెట్టి అడిగింది.

"కోపమా? వెన్నుపోటు పొడిచినవాళ్ళ మీద కోపమేమిటే, అసహ్యం గానీ!"

"అది కాదే..."

"ఆ ముక్క నోటితో చెప్పే దమ్ము లేకపోయిందేం? దొంగల్లా తలుపు కింద కాగితం తోస్తారా?"

"నోటితోనే చెప్పాం. మూడుసార్లు చెప్పాం. నువ్వు తలూపావు కూడా," అంది మ్యూరియల్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పైగా అబద్ధాలొకటి! పోవే, పో. రెండు కావస్తోంది. మీ బ్రయనీ ఎదురుచూస్తుంటుంది."

మ్యూరియల్ ఇంకేదో అనబోయింది. హెస్టర్ మొహం తిప్పేసుకుంది.

రెండయింది. హెస్టర్ చెవిన గంటలు పడ్డాయి.

ఆమె కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు... మూడోది వెనకబడింది. వెంట్రుకవాసి, అంతే. మళ్ళీ వెనకబడింది. హెస్టర్ కడుపు చల్లబడింది. సీసాలకి అంటించే చీటీ ఒకటి తీసి, తప్పు జరిగినప్పుడల్లా గీత గీయడం మొదలుపెట్టింది.

"వింటున్నారా? మూడోది కుంటుతోంది," అంది జామ్ కొనడానికి వచ్చిన పెద్దమనిషితో.

ఆయన గోపురం వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "అవునండీ," అని సీసా పుచ్చుకుని గబగబా వెళ్ళిపోయాడు.

ఇరవై ఏడు గీతలయ్యాయి. ఇక ఉండబట్టలేకపోయింది. పాదిరి గారు ఈ వేళకి టీ డేరాలో ఉంటారు. ఈ చీటీ నలుగురి ముందూ ఆయన చేతిలో పెట్టాలి. నన్ను కాదని తెచ్చుకున్న పిల్ల నిర్వాకం చూడండి, నా తాడు నాకిప్పించండి అని అడగాలి.

బల్ల వదిలేసి నడిచింది. దారిపొడుగునా గంటలు ఆమె వెంటే వచ్చాయి. ఎవరో పలకరించినా ఆగలేదు. ముప్ఫై నాలుగేళ్ళు! అయిదుగురిలో ఒక్కరు, కనీసం మ్యూరియల్ అయినా, వద్దనలేదు.

డేరా తెర పక్కకి లాగింది.

గోపురంలో తాడు తెగిపోవడంతో ఇంకా ఒక్క గంటా మోగించని ఆరుగురూ, బ్రయనీతో సహా, బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతున్నారు; హెస్టర్ చెవుల్లో మాత్రం మూడో గంట మళ్ళీ వెనకబడింది.