కొండ కింది ఊరు

ఈ చలి ఊరు వదిలి, చవగ్గా బతకగల వెచ్చని ఊరికి మారదామని రిటైరైన డ్రాయింగు మాస్టారు ఆరేళ్లుగా అంటూనే ఉన్నాడు. పటం ముందేసుకుని ఊళ్లకు వంకలు పెట్టడమే ఆయన ఉద్యోగమైపోయింది.

ఆ ఉదయం కూడా మొదలుపెట్టాడు. "సముద్రం పక్క ఊళ్లో తలుపు గొళ్లేలన్నీ తుప్పు పడతాయి. కొండ కింది ఊరు చవకే, కానీ చవక ఊళ్లో మనుషులూ చవకే."

కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న భార్య, చలికి కొంకర్లు పోయిన వేళ్లను టీ గ్లాసుకు చుట్టి వెచ్చబెట్టుకుంటోంది.

"నీకేం తెలుస్తుందిలే. ఊరు ఎంచుకోవడమంటే చొక్కాకి గుండీ ఎంచుకోవడం కాదు," అన్నాడాయన.

"నేను ఎంచేసుకున్నానండీ. కొండ కింది ఊరే. అక్కడ కుట్టు దుకాణంలో పని కూడా ఖాయమైంది. ఎల్లుండి బస్సు."

ఆయన పటంలోంచి తలెత్తాడు. "నన్నడక్కుండానే? సర్లే, అద్దెంత?"

"ఇక్కడి దాంట్లో సగం."

ఆయన ఎకసెక్కంగా నవ్వాడు. "సగం అద్దెకి ఇద్దరు పట్టే ఇల్లు ఎవడిస్తాడే, పిచ్చిదానా?"

ఆవిడ లేచి మిషన్ మీద మూత బిగించింది.

"ఇద్దరికి కాదండీ, ఒక్కరికే. మీరు నిదానంగా ఎంచుకోండి."