ఉస్తాద్ లెక్క

సూర్యాపేట ఫోటోగ్రాఫర్ మత్తయ్యకు లైట్ మీటర్ అంటే ఒళ్లుమంట. వెలుగెంత ఉందో ముల్లునడిగి తెలుసుకోవడమేమిటి, కూరలో ఉప్పు చాలిందా అని పక్కింటికెళ్లి అడిగినట్టు? ఆయన ఒకసారి ఆకాశం వైపు కళ్లు చికిలించేవాడు. వెలుగు తక్కువైతే కెమెరా కన్ను పెద్దది చేసేవాడు, ఎక్కువైతే చిన్నది. క్లిక్. ఫోటోకు వంక పెట్టేవాడే లేడు.

బ్లాక్ అండ్ వైట్ పోయి కలర్ వస్తున్న రోజుల్లో ఆయనకు గ్రహచారం పట్టింది. ఫోటోలన్నీ తెల్లగా రాసాగాయి. మొదట్లో జనం సంబరపడ్డారు. తెల్లగా కనిపించడం ఎవరికి చేదు? కానీ చివ్వెంల పెళ్లిలో పెళ్లికొడుకు మీసమే మాయమైంది. ఆల్బమ్ తిరిగొచ్చింది. పెళ్లిళ్లవాళ్లు పక్క స్టూడియో మెట్లెక్కడం మొదలుపెట్టారు.

“పోనీ, గా మీటర్ కొనరాదు?” అంది భార్య జానమ్మ.

కొన్నాడు. అదొకటి చెబితే ఆయన మనసు ఇంకోటి చెప్పింది. వెలుగు దండిగా ఉందంటుంది ముల్లు. ఏడ్చినట్టుంది అంటాడు మత్తయ్య. చివరికి మీటర్ వెనక ఉన్న మర తిప్పి, ముల్లును తన లెక్కకు దించాడు.

“నన్ను సూసి అది నేర్సుకోవాలె గని, దాన్ని సూసి నేనా?”

అయినా ఫోటోలు తెల్లగానే వచ్చాయి. ఇక లాభం లేదని మీటర్ పట్టుకుని కోదాడ బస్సెక్కాడు. అక్కడ స్టూడియో పెట్టిన జైరాం ఆయన శిష్యుడే. ఇద్దరూ తమ మీటర్లను ఒకే గోడ వైపు పట్టారు.

“ఉస్తాద్, మీది బాగా తక్కువ చూపిస్తోందండి,” అన్నాడు జైరాం.

“నీదే ఎక్కువ సూపిస్తున్నది. జర బాగు చేయించుకో.”

అటునుంచి మిర్యాలగూడ. అక్కడున్న మరో శిష్యుడు గోపాల్ మీటర్ కొత్తది. అదీ అచ్చం జైరాం మీటర్ చెప్పిందే చెప్పింది.

“ఇద్దరు ఒక్క దుకాణంలనే కొన్నరా ఏంది?”

గోపాల్ నవ్వు ఆపుకున్నాడు. “లొల్లెందుకు ఉస్తాద్? రేపు గీడ బడిల ఉచిత శిబిరం ఉన్నది. హైదరాబాద్ నుంచి పెద్ద సారు వస్తున్నడు. ఇద్దరం ఫోటోలు తీద్దాం. ఎవలది మంచిగొస్తే వాళ్ల లెక్కే కరెక్టు.”

“నాది తెల్లగొస్తే కెమెరా నీకిచ్చి ఇంట్ల కూసుంట.”

అన్నాడే గానీ మత్తయ్యకు రాత్రంతా భయమే. కెమెరా లేని బతుకు ఆయనకు తెలియదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. బడి వరండా నిండా జనం వరుసలు కట్టి కూర్చున్నారు. గోపాల్ పెద్ద సారు చెవిలో ఏదో చెప్పి పక్కకు జరిగాడు. మత్తయ్య కెమెరా ఎత్తాడు, కళ్లు చికిలించాడు, మళ్లీ దించాడు.

“సార్, గీడ మబ్బు మబ్బుగున్నది. జర లైట్లు ఏపియ్యండ్రి.”

పెద్ద సారు లైట్లు వేయించలేదు. మత్తయ్య గడ్డం పట్టి ముఖాన్ని ఎండవైపు తిప్పి, కనురెప్పలు ఎత్తి చూసి, “రెండు కళ్లకూ శుక్లాలు బాగా ముదిరాయి, ఈయన్ని ఆపరేషన్ వరుసలో ముందు కూర్చోబెట్టండి,” అన్నాడు.