తోకెత్తని ఉడుత

మంచు అడవిలో ఎలుగుదొర ఏది అడిగినా సభలో అందరూ సరేనని తోకలెత్తాలి. ఈసారి దొర వాగును తనకిమ్మన్నాడు. వాగొడ్డు జంతువులు ఎన్నుకున్న ఉడుత ఒక్కడే ఎత్తలేదు, దాంతో వాగు దొరకు దక్కలేదు.

"ఎత్తరా నాయనా, నీ తోకేం అరిగిపోదు," అంది తల్లి.

"వాగు పోతుందమ్మా."

మర్నాడు దొర కొలువులోని నక్క తల్లి దగ్గరికి వచ్చింది. "మీవాణ్ని సభలోంచి తీసేద్దాం వదినా. లేదంటే దొర వాణ్ని గుహలో బంధిస్తాడు. తీసెయ్యాలంటే ఎన్నుకున్నవాళ్లే తోకలెత్తాలి, అందరికంటే మొదట కన్నతల్లి ఎత్తాలి, అది ఆచారం."

తల్లి తోకెత్తింది. ఆమెను చూసి వాగొడ్డు వాళ్లంతా ఎత్తారు.

కొడుకు ఇంటికొచ్చాడు. తల్లి వాడి ఒళ్లంతా తడిమి చూసింది. ఎక్కడా గాయం లేదు.

"రేపు మళ్లీ వాగు అడుగుతాడమ్మా," అన్నాడు వాడు. "వద్దనడానికి ఎవరున్నారు?"