ముందు ఎగిరేవాడు

“పిన్నీ, అదుగో, ఎవేలియో లేచాడు!”

ఓర్లిందా తఫోయా తొందరపడలేదు. పచ్చిమిరపకాయల బురిటో చివరి ముక్క నోట్లో వేసుకుని, కాఫీ గ్లాసు ట్రక్కు మీద పెట్టి, తీరిగ్గా తలెత్తింది. అప్పుడే తెల్లవారుతోంది. రియో గ్రాండే నది మీద పొగమంచు పల్చగా పరుచుకుని ఉంది. దానిలోంచి ఎవేలియో లుసేరో నడిపే ఎర్ర వేడిగాలి బెలూన్ చప్పుడు చెయ్యకుండా పైకి తేలింది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా ఈ క్షణం ఆమెకు ఇంకా కలలాగే ఉంటుంది. ఊరంతా నిద్రపోతూ, ఆ నిద్రలోంచే ఎవరో ఒక రంగును వదిలినట్టుంటుంది.

కానీ ఇవాళ కలగంటూ కూర్చుంటే కుదరదు. నది ఒడ్డున కొత్తగా వెలిసిన హోటల్ వాళ్లు, తమ అతిథులను ఆకాశంలో తిప్పే పని ఒక్కరికే ఇస్తామన్నారు. హోటల్ ముందు పచ్చిక మధ్యలో తెల్ల దుప్పటి పరిచారు. ఈ పచ్చిక నుంచే లేచి, తిరిగొచ్చి, దానికి ఎవరు దగ్గరగా దిగితే పని వాళ్లది. కొరాలెస్ ఊళ్లో బెలూన్ నడిపేవాళ్లు ఇద్దరే. ఉన్న గిరాకీ ఇద్దరికీ చాలడం లేదు. ఓడినవాళ్లు చలికాలం లోపల బెలూన్ అమ్ముకోవాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఓర్లిందా పసుపు బెలూన్ అప్పటికే నిండి, తాళ్లతో ట్రక్కుకు కట్టి ఉంది. తాళ్ల పక్కనే ఆమె అక్క కూతురు దెల్ఫీనా నోటు పుస్తకం పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఆల్బుకర్కీలో వ్యాపారశాస్త్రం చదువుతోంది. ఏదో ఒక వ్యాపారంలో పోటీ ఎలా ఉందో వ్యాసం రాసుకు రమ్మన్నారట.

“కొత్తవాళ్లు ఈ వ్యాపారంలోకి రావాలంటే ఏం కావాలి పిన్నీ?”

“లైసెన్సు, బెలూన్, తెల్లారుజామున లేచే ఓపిక. ఆ మూడోది ఎవడికీ ఉండదు.”

“సరుకు అమ్మేవాళ్లు?”

“గ్యాసు అమ్మే ముసలాడొక్కడే. వాడు చెప్పిందే వేదం.”

“బెలూన్ ఎక్కకపోతే జనం దానికి బదులు ఏం చేస్తారు?”

“పడుకుంటారు.”

దెల్ఫీనా నవ్వాపుకుంటూ అదీ రాసుకుంది. “సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవేలియో దగ్గర లేనిది నీ దగ్గర ఏముంది?”

“నేను లేచిన చోటే దిగుతాను. అతను ఏ పొలంలో దిగుతాడో అతనికే తెలీదు, గాలివాటం మనిషి. ఉండు, మాట్లాడించకు.”

ఎర్ర బెలూన్ తక్కువ ఎత్తులో దక్షిణానికి జరుగుతోంది. కాస్త పైకెళ్లి నిలిచింది. ఇంకాస్త పైకెళ్లి తూర్పుకు వొరిగింది. అక్కడా కాసేపు ఆగి, మరింత పైకి లేచి, మెల్లగా వాయవ్యానికి, లేచిన చోటి వైపు తిరిగింది. బెలూన్‌కు చుక్కాని ఉండదు, ఒక్కో ఎత్తులో ఒక్కో వైపు వీచే గాలే దాన్ని నడుపుతుంది. ఓర్లిందా పెదవులు కదుపుతూ ఎత్తులు లెక్కపెట్టుకుంటోంది.

“పిన్నీ! నువ్వు చూస్తున్నది గాలిని కాదు, అతన్ని!”

“గాలి కంటికి కనిపిస్తుందా పిచ్చిదానా? బెలూన్ కనిపిస్తుంది.”

“అంటే రోజూ అతను ముందెళ్లి తప్పులు చేస్తాడు, నువ్వు చూసి దిద్దుకుంటావు. సొమ్మొకడిది, సోకొకడిది!”

“నేనేమైనా ముందెళ్లమని బతిమాలానా? మీ బాబాయి పోయాక నేనీ తాళ్లు పట్టుకున్న రోజు నుంచీ అదే వరస. ‘నేనే ముందు, నువ్వు తర్వాత రా’ అంటాడు. మీ బాబాయి స్నేహితుడని ఊరుకున్నాను కానీ, ఆ పొగరే అతన్ని ముంచుతోంది.”

వెనకుండటమే లాభమని దెల్ఫీనా రాసుకుని, కింద రెండు గీతలు గీసింది.

ఎర్ర బెలూన్ సరిగ్గా హోటల్ పచ్చిక మీదికి వచ్చింది. దిగాల్సిన చోట దిగలేదు. దుప్పటిని దాటి, కాటన్‌వుడ్ చెట్లను దాటి, మైలున్నర అవతల గడ్డి పొలంలోకి వాలిపోయింది. హోటల్ వాళ్లు అయ్యో అన్నారు. దెల్ఫీనా ఎగిరి గంతేసింది.

ఓర్లిందా తాళ్లు విప్పించి లేచింది. నదినీ, నిద్ర లేవని ఇళ్లనూ కింద వదిలి, ఎర్ర బెలూన్ నడిచిన దారిలోనే నడిచింది. అది ఆగిన ఎత్తులో ఆగింది, తిరిగిన ఎత్తులో తిరిగింది. పైన ఎంత నిశ్శబ్దమంటే, కింద ఎవరో తలుపు తీసిన చప్పుడు కూడా వినిపించింది. బుట్ట వచ్చి తెల్ల దుప్పటి అంచు మీద కూర్చుంది.

పని ఆమెకే ఇచ్చారు. చాలా సంతోషం వేసింది. దాని వెనకే మనసులో ఏదో కలుక్కుమంది. చలికాలానికి ఆ ఎర్ర బెలూన్ ఆకాశంలో ఉండదు. ఇరవై ఏళ్లలో అతనికి ఒక్క మంచి మాట చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఎవరి పొలంలో దిగితే వాళ్లకు ఒక షాంపేన్ సీసా ఇవ్వడం బెలూన్ వాళ్ల మర్యాద. చెప్పాపెట్టకుండా ఆకాశంలోంచి ఊడిపడినందుకు అదే క్షమాపణ. ఓడిపోయి, పైగా సీసా కూడా ఇవ్వాలా పాపం అనుకుంది ఓర్లిందా. తన ట్రక్కులో ఉన్న సీసా తీసుకుని గడ్డి పొలానికి వెళ్లింది.

ఎవేలియో అప్పటికే బెలూన్ మడిచి తీసుకుపోయాడు. పొలం యజమాని, గురులే అనే పెద్దాయన, కంచె పక్కన కాలువకు అడ్డు కడుతున్నాడు.

“ఎవేలియో మీ గడ్డంతా తొక్కేశాడు, ఏమీ అనుకోకండి పెద్దాయనా,” అని సీసా అందించబోయింది. “పాపం, ఎక్కడ దిగుతాడో అతని చేతుల్లో లేదు.”

పెద్దాయన సీసా వైపు చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

“అతని సీసా ముట్టిందిలే అమ్మా.”

“అప్పుడేనా? ఎప్పుడిచ్చాడు?”

“నిన్న సాయంత్రమే ఇచ్చాడు, రేపు ఈ కంచె పక్కనే దిగుతానని చెప్పి.”