ఎడమ అంచు

సంచుల్లోంచి తీసిన రాతిపెచ్చులన్నీ ఎడమచేతివాటం మనిషి చెక్కినవేనని తేలేసరికి పద్మలత వాటిని హరీష్ ఇంట్లో బల్ల మీద మళ్లీ పరిచి చూసింది.

"హరీష్, ఇట్రా. ఇవి ఆదిమానవుడు చెక్కినవేనా?"

"గదేం మాట మేడమ్? గుట్టల తవ్వి నా చేతులతోని తీసిన."

నస్పూర్ దాటాక గోదావరి దిక్కున ఉన్న ఆ ఊరిని బొగ్గు గని మింగబోతోంది. ఊరి పక్క చిన్న గుట్టలో ఆదిమానవుల రాళ్లున్నాయని హరీష్ అర్జీ పెట్టాడు. అతనిది ఆ ఊరే. యూనివర్సిటీలో అదే విషయం మీద పరిశోధన చేస్తున్నాడు. రాళ్లు నిజమైనవైతే గుట్ట మిగులుతుంది, గుట్టతోపాటు ఊరూ మిగులుతుంది. అది తేల్చడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారి పద్మలత. ఆమె మాట కోసం గుట్ట కింద పొక్లెయిన్లు ఇంజన్లు ఆపకుండా కాచుకుని ఉన్నాయి.

"ఈ పెచ్చు చూడు. రాయి మీది పాత తోలు ఎడమ అంచున మిగిలింది. ఇది? ఎడమే. ఇదీ ఎడమే. కుడిచేత్తో కొట్టేటోళ్ల పెచ్చులకు ఎక్కువగా కుడి అంచున మిగులుతదని నీకు నేను చెప్పాలా? లక్షల ఏండ్ల కింద కూడ కుడిచేతోళ్లే ఎక్కువుండిరి. మీ గుట్ట మీద మాత్రం అందరూ ఎడమచేతోళ్లేనా?"

హరీష్ పెచ్చులను అటూ ఇటూ తిప్పాడు.

"నేనింక ఏరి చూడలే మేడమ్. తెచ్చి కొట్టంల పెట్టిన, గంతే. కని సంచులు గింత తేలిగ్గ లేకుండె. నిండుగ ఉండె."

"దొంగరాళ్లు తక్కువైనయని ఫిర్యాదు చేస్తున్నవా?"

"ల్యాబ్‌కు పంపుండ్రి. ఎంత పాతయో ఆళ్లే చెప్తరు."

"దానికి నెలలు పడుతది. బయట గనోళ్లు గంట కూడ ఆగేటట్టు లేరు."

పద్మలత అతని చేతుల వంక చూసింది. మధ్యాహ్నం పక్కపక్కనే కూచుని తిన్నారు. అతను కుడిచేత్తోనే కలుపుకున్నాడు. సంచుల మీది చీటీలు రాసిందీ కుడిచేత్తోనే.

"మీ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరికి?"

"మా ఇంట్ల పుర్రచెయ్యోళ్లు ఎవ్వరు లేరు మేడమ్." ధీమాగా జవాబిచ్చింది హరీష్ కాదు, గోడకు పార ఆనించి గడపలో కూచున్న అతని తండ్రి హనుమండ్లు. "ఊరు ఊరంత తిరిగి అడుగుండ్రి."

పద్మలత ఇంకేమీ అడగలేదు. బల్ల మీది పెచ్చొకటి తీసి హఠాత్తుగా హరీష్ మొహం మీదికి విసిరింది.

"పట్టు!"

హరీష్ పట్టాడు. ఎడమచేత్తో.

హరీష్ ఆ చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"తినుడు, రాసుడు కుడిచేత్తోని అలవాటు చేసిండ్రు మేడమ్. బడికి పోయేటప్పటి సంది. కని గొడ్డలి పట్టినా, సుత్తె పట్టినా ఇదే ముందుకొస్తది."

"రాయి చెక్కినా అదే వస్తది."

"నేను చెక్కలే! బాపూ, నువ్వన్న చెప్పు!"

హరీష్ వెనక్కి తిరిగాడు. గడపలో హనుమండ్లు లేడు. గోడకు ఆనించిన పార కూడా లేదు.

"మీ బాపుకే మొహం చెల్లలేదు," అంటూ పద్మలత ఫోన్ తీసింది. రాళ్లు నకిలీవనీ, తమ వైపు నుంచి అభ్యంతరం లేదనీ చెప్పేసింది. గుట్ట దిక్కున ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తాయి.

"మేడమ్, ఊరు పోతది. జర ఆగుమనుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"ఊరి సంగతి తర్వాత, నీ సంగతి చూసుకో. యూనివర్సిటీకి రాస్తున్న. కేసు కూడ అయితది. ఇగ సర్కారు నౌకరి కాదు గదా, గనిల కూలి పనికి కూడ నిన్ను ఎవడూ రానియ్యడు."

ఆమె పెచ్చులను సంచుల్లోకి ఎత్తించి, సీలు వేసి, కాగితాలు రాసి, సాయంత్రం జీపు దగ్గరికి నడిచేసరికి ఆకాశంలో గుట్ట ఉండాల్సిన చోట ఎర్రటి దుమ్ము లేచి ఉంది. ఆ దుమ్ములోంచి హనుమండ్లు వచ్చాడు. పార కామ విరిగిపోయింది. గోళ్ల నిండా మట్టి, నెత్తురు. పిడికిలి విప్పి ఒక రాతిపెచ్చును ఆమె చేతిలో పెట్టాడు.

పద్మలత తిప్పి చూసింది. పాత తోలు కుడి అంచున ఉంది.

"ఇదెక్కడిది?"

"గుట్ట కింద పాతిన సంచిలది. ఉరికిన, ఆపుమని మొత్తుకున్న. ఆపలే. మిగిలినయి మిషన్ కింద పోయినయి. గిదొక్కటే దొరికింది."

ఒక్క రాయి. ఆఫీసులో దాన్ని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరని ఆమెకు తెలుసు. కళ్ల ముందే గుట్ట చివరి అంచు జారి కిందికి కూలింది.

"ఎవలు పాతిండ్రు?" హరీష్ తండ్రి భుజాలు పట్టుకున్నాడు. "బాపూ, ఎవలు పాతిండ్రు?"

హనుమండ్లు కొడుకు మొహం వంక చూడలేకపోయాడు. అతని ఎడమచేతినే చూస్తూ అన్నాడు:

"కుడిచేతి రాళ్లన్ని నేనే ఏరి పాతిన బిడ్డా. అన్ని ఎడమయే ఉంటె దొంగరాళ్లంటరని అన్నం తినుకుంట నువ్వే చెప్తివి. మొత్తం పారేస్తె మళ్ల ఏరుకొస్తవాయె. గుట్టతోని మన భూమి పోతె గనోళ్లు నీకు నౌకరిస్తమన్నరు, నువ్వు బతుకుతవనుకున్న. నీ మీదికి వస్తదని కలల కూడ అనుకోలే... చిన్నప్పుడు వాతలు పెట్టి మాన్పిస్తి గద, గా పుర్రచెయ్యి నీకింక ఉన్నదని నాకు తెల్వకపాయె."